మీ అడవిలో చమురు బావి తవ్వకముందే: గ్రామసభ వరుసగా చేయాల్సిన పనులు

తునికాకు కోతకు వెళ్లినవాళ్లు ఓ రోజు తిరిగివచ్చి, అడవిలో చెట్ల కొమ్మలకు ఎర్రటి గుడ్డపీలికలు కట్టి ఉన్నాయని చెబుతారు. పొదలు నరికి, తాడు పట్టి గీసినంత తిన్నగా దారి తీశారని ఇంకొకరు చెబుతారు. పంచాయతీ కార్యదర్శిని అడిగితే తనకు కబురు లేదంటారు. బీట్ ఆఫీసర్ ‘పైనుంచి వచ్చిన సర్వే’ అని ఊరుకుంటారు. చమురు, సహజవాయువుల కోసం వెదకడం చాలాచోట్ల ఇలాగే మొదలవుతుంది. బావి తవ్వే పెద్ద యంత్రం, అంటే రిగ్గు, కంటికి కనబడేది ఎంతో కాలం తరువాత. ఆనాటికి కాగితాల మీద పని చాలావరకు పూర్తయి ఉంటుంది.

అందుకే నేను పట్టుబట్టి చెప్పేది ఒకటే. మీ అడవి గురించి మీకు తెలిసినదంతా కంపెనీ దరఖాస్తు కదలకముందే ప్రభుత్వ దస్త్రాల్లోకి ఎక్కించండి. ధర్నాలు, పాదయాత్రలు అవసరమైనప్పుడు చేయాల్సిందే. వాటి వెనుక దస్త్రం లేకపోతే మాత్రం అధికారి వినతిపత్రం తీసుకుని, ఫొటో దిగి, పంపించేస్తారు.

ఇక్కడ రాసినవన్నీ మన దేశపు చట్టాల ప్రకారం, అడవిని ఆనుకుని బతికే గూడేలు, పల్లెల కోసం. యురేనియం, బాక్సైటు తవ్వకాలు తలపెట్టిన చోట కూడా ఇందులో చాలా భాగం అక్కరకొస్తుంది.

ముందు, పని ఏ దశలో ఉందో తేల్చుకోండి

చమురు వ్యవహారం మూడు దశల్లో నడుస్తుంది. మొదటిది సైస్మిక్ సర్వే. వరుసగా సన్నని గుంతలు తవ్వి, పేలుడు పదార్థం పెట్టి పేలుస్తారు. భూమిలోని పొరలను తాకి వెనక్కి వచ్చే తరంగాలను నేల మీద పరిచిన పరికరాలు నమోదు చేస్తాయి. రెండోది అన్వేషణ బావి: కొన్ని ఎకరాలు చదును చేసి, రిగ్గు నిలబెట్టి, కింద నిజంగా చమురు ఉందో లేదో తవ్వి చూస్తారు. మూడోది ఉత్పత్తి. అప్పుడు మరిన్ని బావులు, పైపులైన్లు, గ్యాసు మండించే గొట్టాలు, వీటన్నిటినీ కలిపే రోడ్లు వస్తాయి.

దశ తెలియకపోతే ఎక్కడ ప్రశ్నించాలో తెలియదు. చాలామంది ‘ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు కదా, ఆ రోజు చెబుదాం’ అని ఎదురుచూస్తారు. 2020 జనవరి 16న కేంద్రం పర్యావరణ నోటిఫికేషన్‌ను సవరించి చమురు అన్వేషణను ‘బి2’ వర్గంలోకి మార్చింది. ఆ వర్గంలో ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. అంటే, మీ అడవిలో తొలి బావి తవ్వే ముందు ఎవరూ శామియానా వేసి మిమ్మల్ని పిలవనక్కరలేదు. 2023లో అటవీ సంరక్షణ చట్టానికి చేసిన సవరణ ఇంకో అడుగు వేసి, కేంద్రం పెట్టే షరతులకు లోబడి జరిగే సైస్మిక్ సర్వేను అటవీయేతర వినియోగంగా, అంటే అడవిని వేరే పనికి మళ్లించడంగా, పరిగణించనక్కరలేదంది. ఈ రెండు మార్పుల తరువాత, పిలుపు కోసం కూర్చున్న ఊరికి మిగిలే సమయం చాలా తక్కువ.

కాబట్టి మీరే వెదకాలి. కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖకు ‘పరివేష్’ అనే వెబ్‌సైటు ఉంది. పర్యావరణ, అటవీ, వన్యప్రాణి అనుమతుల కోసం వచ్చే దరఖాస్తులు అందులో కనిపిస్తాయి. రాష్ట్రం పేరుతో వెదికి, మీ జిల్లా దరఖాస్తులు తెరవండి. ఊళ్లో ఇంటర్ చదివిన అమ్మాయో అబ్బాయో ఉంటే ఈ పని వాళ్లకు అప్పగించండి, ఒక పూటలో నేర్చుకుంటారు. దరఖాస్తుతో పాటు పటం కూడా జతచేసి ఉంటే దాన్ని దించుకుని మీ ఊరి మీద పరిచి చూడండి.

దానితో పాటే సమాచార హక్కు చట్టం కింద అటవీ డివిజన్ కార్యాలయానికి, కలెక్టరేటుకు విడివిడిగా దరఖాస్తులు పెట్టండి. రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. ‘మా అడవిలో ఏం జరుగుతోంది’ అని అడిగితే జవాబు రాదు. పత్రాలు అడగాలి: ఫలానా కంపార్టుమెంట్లలో (అటవీశాఖ అడవిని విడదీసి నంబర్లు వేసిన భాగాలు) సర్వేకు ఇచ్చిన అనుమతి ఉత్తర్వు నకలు, దానికి జతచేసిన పటం, షరతుల జాబితా, మా గ్రామసభ సమ్మతి ఇచ్చినట్టు మీ వద్ద ఏదైనా పత్రం ఉంటే దాని నకలు. ఈ చివరి ప్రశ్న ఎప్పుడూ వదలకండి, ఎందుకో కింద చెబుతాను. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోయినా, అరకొరగా వచ్చినా, తరువాతి 30 రోజుల్లో అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయండి.

అడవిని నడిచి, పటం గీయండి

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టేది ఈ పని. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనదీ ఇదే.

ప్రభుత్వ పటంలో మీ అడవి ఒక పచ్చటి మరక. కంపార్టుమెంటు నంబరు తప్ప పేరు ఉండదు. చమురు కంపెనీ పటంలో అయితే అది నాలుగు గీతల మధ్య ఉన్న ఒక బ్లాకు. ఈక్వెడార్‌లోని పస్తాసా ప్రాంతపు వావోరానీ ఆదివాసులకు సరిగ్గా ఇదే ఎదురైంది. వాళ్ల నేలను ప్రభుత్వం ‘బ్లాకు 22’ అని పేరు పెట్టి వేలానికి సిద్ధం చేసింది. వాళ్లు ఊరూరా తిరిగి వేటదారులు, చేపల మడుగులు, మందుచెట్లు, పూర్వీకుల సమాధులు గుర్తించి తమ పటం తామే గీసుకున్నారు. తమను సరిగా సంప్రదించలేదని కోర్టుకెక్కి 2019 ఏప్రిల్‌లో గెలిచారు. సుమారు 2 లక్షల హెక్టార్ల అడవి ఆ వేలం నుంచి తప్పించుకుంది.

మీరు ఇలా చేయండి. ఊళ్లో అరవై దాటిన ఇద్దరు ముగ్గురిని, అడవి ఉత్పత్తులు ఏరే ఆడవాళ్లను, పశువుల కాపరిని, ఫోను బాగా వాడగల ఇద్దరు యువకులను ఒక జట్టుగా కూర్చండి. అడవికి ఏ దిక్కున ఏ ఊరి సరిహద్దు కలుస్తుందో అక్కడి నుంచి నడక మొదలుపెట్టండి. ఆగిన ప్రతిచోటా అక్షాంశ రేఖాంశాలు నమోదయ్యేలా ఫొటో తీయండి, అలాంటి ఉచిత యాప్‌లు చాలా ఉన్నాయి. పక్కనే నోటు పుస్తకంలో ఆ చోటి పేరు, అక్కడ ఏం దొరుకుతుంది, ఏ నెలలో, ఎవరెవరు వస్తారు, ఎప్పటి నుంచి అన్నవి రాయండి.

ఇలాంటి నడకలో ఒకసారి నేనూ వెళ్లాను. మగవాళ్లు గుట్టలు, హద్దురాళ్లు, వాగులు వరుసగా చెప్పుకుంటూ పోతున్నారు. వెనకాల నడుస్తున్న ఒక ముసలమ్మ బండ పక్కన ఆగిపోయింది. ఆకులు పక్కకు తోసి, వేళ్లతో ఇసుక తవ్వింది. మూరెడు లోతు కూడా పోకముందే నీళ్లు ఊరాయి. నడివేసవిలో ఇప్పపువ్వు ఏరే రోజుల్లో తమకు తాగునీరు ఆ చెలమేనని, తన తల్లి చూపించిందని చెప్పింది. జట్టులోని మగవాళ్లెవరికీ దాని సంగతి తెలియదు. ఏ పటంలోనూ లేదు. ఆడవాళ్లు లేకుండా గీసిన పటం సగం పటమే.

గుర్తించాల్సినవి: చెలమలు, ఊటలు, వాగులు పుట్టే చోట్లు, దేవతల చెట్లు, గద్దెలు, శ్మశానాలు, పాత ఊరి ఆనవాళ్లు, పాడుబడ్డ బావులు, రాతి గోడలు, తేనె పట్టే కొండచరియలు, తునికాకు, చింత, కరక్కాయ, జిగురు దొరికే చోట్లు, పశువులు మేసే బయళ్లు, జంతువులు నీటికి దిగే దారులు. నడక పూర్తయ్యాక పెద్ద కాగితం మీద పటం గీసి ఊరందరి ముందు గోడకు అంటించండి. తప్పులు అక్కడే బయటపడతాయి. పొరుగు ఊళ్ల పెద్దలను పిలిచి, ఉమ్మడి సరిహద్దు మీద వాళ్ల సంతకాలు కూడా తీసుకోండి. పొరుగువాళ్లతో హద్దు తగాదా ఉంటే ఇప్పుడే తెంచుకోవాలి, ఎందుకంటే రేపు అదే తగాదాను మీ దరఖాస్తు ఆపడానికి వాడతారు.

సామూహిక హక్కుల దరఖాస్తు పెట్టండి

2006 నాటి అటవీ హక్కుల చట్టం అనగానే చాలా ఊళ్లలో పోడు పట్టాలే గుర్తుకొస్తాయి. అవి వ్యక్తిగత హక్కులు. అదే చట్టంలో సెక్షన్ 3(1)(ఐ) ఊరి మొత్తానికి తన సామూహిక అటవీ వనరును కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు ఇస్తోంది. సెక్షన్ 5 అడవిని, వన్యప్రాణులను, నీటివనరులను కాపాడే అధికారాన్ని గ్రామసభ చేతిలో పెడుతోంది. చమురు బావి మాట వచ్చినప్పుడు మీకు అండగా నిలిచేవి ఈ రెండే.

అడవిలో సేకరణ, మేత, చేపలవేట వంటి హక్కులకు ఫారం ‘బి’, అడవి మొత్తాన్ని సామూహిక వనరుగా గుర్తించడానికి ఫారం ‘సి’. రెండూ పెట్టండి. ముందుగా గ్రామసభ 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోవాలి. గిరిజన గ్రామమైతే మూడింట రెండొంతుల మంది గిరిజనులు, మొత్తం మీద మూడో వంతు మహిళలు ఉండాలి. ఎప్పుడో వేసిన పాత కమిటీ ఉంటే అందులో బతికున్నవారెవరో, ఊళ్లో ఉన్నవారెవరో చూసుకుని నింపండి.

రుజువులు ఒకటికంటే ఎక్కువ కావాలి. మీరు గీసిన పటం, ఫొటోలు, బావులు, శ్మశానాల వంటి భౌతిక ఆనవాళ్లు, అటవీశాఖ పాత వర్కింగ్ ప్లాన్లు (అడవి నిర్వహణ ప్రణాళికలు), జనగణన, జిల్లా వివరాలు రాసిన ప్రభుత్వ గెజిటీర్లు, హక్కుదారులు కాని పెద్దల రాతపూర్వక వాంగ్మూలాలు, ఇవన్నీ నిబంధనలు ఒప్పుకున్న రుజువులే. కాగితం లేదన్న కారణంతో తిప్పి పంపితే ఈ మాట గుర్తుచేయండి. గిరిజనేతర సంప్రదాయ అటవీవాసులు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవి మీద ఆధారపడినట్టు చూపాలి. కష్టమే, అసాధ్యం మాత్రం కాదు.

దరఖాస్తు గ్రామసభ ఆమోదం పొందాక డివిజన్ స్థాయి కమిటీకి, అక్కడి నుంచి కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి వెళుతుంది. ఇచ్చిన ప్రతిసారీ తేదీ, ముద్ర ఉన్న రశీదు తీసుకోండి. ఇవ్వనంటే స్పీడ్ పోస్టులో పంపి ఆ చీటీ దాచండి. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మెండా-లేఖా ఊరు 2009లో సుమారు 1,800 హెక్టార్ల మీద ఇలాంటి సామూహిక హక్కు పొందింది. పట్టా చేతికి రాకపోయినా, దరఖాస్తు పెండింగులో ఉండటమే ఒక రక్ష. సెక్షన్ 4(5) ప్రకారం గుర్తింపు ప్రక్రియ పూర్తయ్యేదాకా అటవీవాసులను వారి ఆధీనంలోని అటవీ భూమి నుంచి తొలగించకూడదు.

షెడ్యూల్డ్ ప్రాంతాల వారు 1997 నాటి సమత తీర్పును కూడా తలుచుకుంటారు. అనంతగిరి మండలంలోని గనుల లీజుల మీద పుట్టిన ఆ కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతపు ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. చమురు తవ్వడానికి వచ్చేది ప్రభుత్వరంగ సంస్థ అయితే ఆ తీర్పు ఒక్కటే అడ్డుపడదు. దాని మీదే భారం వేసి కూర్చోవద్దు.

తీర్మానం ఎలా రాయాలి

ఒడిశాలో నియమగిరి కొండల బాక్సైటు కేసులో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ కొండల మీద తమ హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలంది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్లలో సభలు జరిగాయి. 12కు 12 కాదన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అటవీ అనుమతి నిరాకరించింది. అక్కడి డొంగ్రియా కోందులు సభల్లో తాము కొలిచే నియమరాజు కొండ గురించి, ఊటల గురించి, పంటల గురించి పేర్లు పెట్టి మాట్లాడారు. మీ తీర్మానంలోనూ ఆ పేర్లు ఉండాలి.

సభకు మొత్తం సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో మీ గూడెమే ఒక గ్రామం కావచ్చు, అలాంటప్పుడు పంచాయతీ కేంద్రంలో పెట్టిన సభ మీ సభ కాదు. తీర్మానం ఇలా ఉండవచ్చు:

“...గూడెం గ్రామసభ ... తేదీన సమావేశమైంది. మొత్తం సభ్యులు ..., హాజరైనవారు ..., అందులో మహిళలు .... జతపరచిన పటంలో చూపిన అడవి మా సామూహిక అటవీ వనరు. అందులోని ... చెలమ, ... వాగు మా తాగునీరు; ... మా దేవతా స్థలం. ఈ అడవిలో చమురు, సహజవాయువుల సర్వేకు గాని, తవ్వకానికి గాని, వాటికోసం వేసే రోడ్డుకు, పైపులైనుకు గాని ఈ సభ సమ్మతి ఇవ్వడం లేదు. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఐ), సెక్షన్ 5 కింద మాకున్న అధికారంతో ఈ నిర్ణయం తీసుకున్నాం. మా హక్కుల గుర్తింపు ఇంకా పూర్తికాలేదు.”

రోడ్డు మాట తప్పకుండా రాయండి. బావి కొన్ని ఎకరాలు తింటుంది. దానికోసం వేసిన రోడ్డు వెంట కలప లారీలు, ఆక్రమణలు, వేటగాళ్లు వస్తారు, కంపెనీ వెళ్లిపోయాక కూడా వస్తూనే ఉంటారు.

సంతకాల విషయంలో కఠినంగా ఉండండి. ఖాళీ కాగితం మీద, ‘హాజరుపట్టీ’ అని చెప్పిన కాగితం మీద, దుప్పట్లు పంచుతూ చాచిన రిజిస్టరు మీద సంతకం గాని వేలిముద్ర గాని వేయవద్దు. 2021 అక్టోబరులో ఛత్తీస్‌గఢ్‌లోని హస్‌దేవ్ అరణ్య ఆదివాసులు సుమారు 300 కిలోమీటర్లు నడిచి రాయపూర్ చేరింది ఈ బాధతోనే: తమ పేరున నకిలీ గ్రామసభ తీర్మానాలు సృష్టించి బొగ్గుగనికి అనుమతి తెచ్చారని వాళ్ల ఆరోపణ. సమాచార హక్కు దరఖాస్తులో ‘మా సమ్మతి పత్రం నకలు’ అడగమన్నది ఇందుకే. మీ మినిట్స్ పుస్తకంలో ప్రతి పేజీకి నంబరు వేయండి, తీర్మానం ముగిసిన చోట మిగిలిన ఖాళీని గీతతో కొట్టేయండి. చదివి వినిపించడం, సంతకాలు పెట్టడం వీడియో తీయండి.

నీటి లెక్క ఇప్పుడే రాసుకోండి

రిగ్గు దిగాక బావి నీరు ఉప్పగా మారిందంటే ‘ముందు నుంచీ అంతే’ అంటారు. చమురుతో పాటు భూగర్భంలోంచి ఉప్పునీరు పెద్దమొత్తంలో పైకి వస్తుంది. తవ్వకానికి వాడే బురదలో బెరైటు అనే ఖనిజం, రకరకాల రసాయనాలు ఉంటాయి. వీటిని నిలవ చేసే గుంట కారితే ముందు చెడేది మీ చెలమే. నీటిలో కరిగిన లవణాలను అంకెలో చూపే, జేబులో పట్టే టీడీఎస్ మీటరు ఒకటి కొని, నెలకొకసారి ఒకే రోజున అన్ని నీటివనరుల్లో ముంచి, అంకెను తేదీతో సహా రిజిస్టరులో రాయండి. ఏడాదికి రెండుసార్లు, వేసవిలోనూ వానల తరువాతా, గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో పరీక్ష చేయించి నివేదిక దాచండి. ఇద్దరు బడిపిల్లలు చేయగల పని ఇది.

ప్రజాభిప్రాయ సేకరణ పెడితే

ఉత్పత్తి దశకు వస్తే సభ పెట్టాల్సి ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలి 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి, సభకు కలెక్టరో, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని ప్రతినిధో అధ్యక్షత వహించాలి. పర్యావరణ ప్రభావ మదింపు నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. దాన్ని మీ పటం పక్కన పెట్టి చదవండి. అందులో లేని వాగు, లేని శ్మశానం, లేని ఊరు ఏదో ఒకటి దొరుకుతుంది.

అందరూ ఒకే మాట చెప్పకుండా ప్రశ్నలు పంచుకోండి. ఉప్పునీరు ఎక్కడ వదులుతారు? బురద గుంటకు అడుగున ఏం పరుస్తారు? గ్యాసు ఎంతకాలం మండిస్తారు? బావి ఎండిపోయాక ఎవరు మూస్తారు, ఎవరు చూస్తారు? బావి అదుపు తప్పితే మా ఊరు ఏ దారిన బయటపడాలి? ఈ చివరి ప్రశ్నకు ఎవరైనా నవ్వితే కోనసీమలోని పాశర్లపూడి గుర్తుచేయండి: 1995 జనవరి 8న అదుపుతప్పిన ఆ బావి మంట ఆర్పడానికి రెండు నెలలకు పైగా పట్టింది. అస్సాంలో డిబ్రూ-సైఖోవా జాతీయవనం పక్కన ఉన్న బాఘ్‌జాన్ బావి 2020 మే 27న పేలి, జూన్ 9న అంటుకుని, నవంబరులో గాని ఆరలేదు. ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు, వేలమంది శిబిరాల్లో గడిపారు.

మాట్లాడినదంతా రాతపూర్వకంగా కూడా ఇవ్వండి. సభ చివర, సభలో నమోదు చేసుకున్న మాటలను తెలుగులో చదివి వినిపించాలి, అది పూర్తయ్యేదాకా కదలకండి.

ఊళ్లోవాళ్లతో, బయటివాళ్లతో

కంపెనీ తొలి ఆరునెలల్లో కొందరికి కాపలా పనులు, బండి నడిపే పనులు ఇస్తుంది. ఆ కుర్రవాళ్లను ద్రోహులనకండి. చేతిలో పనిలేని వయసులో జీతం ఎవరికైనా అవసరమే. వాళ్లనే సభకు పిలిచి, ఎన్ని ఉద్యోగాలు, ఎంతకాలం, ఎంత జీతం అన్నది కంపెనీ నుంచి రాతలో తెమ్మనండి. కాగితం వస్తే దాని మీద చర్చించుకోవచ్చు. రాకపోతే వాళ్లకే అర్థమవుతుంది.

సర్వే రాళ్లు పీకవద్దు, పరికరాలు ముట్టవద్దు. కేసులకు అదే అదను. పేలుడు పదార్థం పూడ్చిన గుంతల దగ్గరికి పిల్లలను, పశువులను పోనివ్వకండి. ఈక్వెడార్‌లోని సరయాకు ప్రజల అడవిలో సర్వే కోసం 1,400 కిలోలకు పైగా పేలుడు పదార్థం పాతిపెట్టారు. సంప్రదించకుండా సాగిన ఆ పనిని 2012లో అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం తప్పుపట్టింది. మీ అడవిలో అలాంటి గుంత కనబడితే దూరం నుంచి ఫొటో తీసి పోలీసులకు, తహసీల్దారుకు రాతలో తెలపండి.

ఎమ్మెల్యేలను, విలేకరులను కలవడం మీకు తెలిసిన పనే. ఒక్కటి గుర్తుంచుకోండి: 2019లో నల్లమలలో యురేనియం సర్వేను చెంచులు, చుట్టుపక్కల ఊళ్లు గట్టిగా వ్యతిరేకించాక, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. మీ గ్రామసభ తీర్మానం నకలు చేతిలో పెట్టి అడిగితే ప్రజాప్రతినిధి దాటవేయడం కష్టం.

అనుమతి వచ్చేస్తే

పర్యావరణ లేదా అటవీ అనుమతి మీద జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు అప్పీలు చేయడానికి గడువు 30 రోజులు. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇవ్వవచ్చు, ఆపైన తలుపు మూసుకుంటుంది. రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనమే దిక్కు. లాయరు ఖర్చు చూసి భయపడకండి. గిరిజనులు, దళితులు, మహిళలు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. గిరిజనుల అటవీ హక్కులకు ఎస్సీ, ఎస్టీ కానివారెవరైనా అడ్డుపడితే అది ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(జి) కింద నేరమని కూడా లాయరుకు గుర్తుచేయండి.

ఉత్తర్వు వచ్చిన సంగతి 90 రోజుల తరువాత తెలిసిన ఊళ్లు ఉన్నాయి. అందుకని ప్రతి నెలా మొదటి సోమవారం ‘పరివేష్’ తెరిచి చూసే బాధ్యత ఇద్దరికి రాతలో అప్పగించండి, ఒకరు ఊళ్లో లేకపోతే రెండోవారు చూస్తారు. పటం, తీర్మానం, రశీదులు, నీటి రిజిస్టరు మూడు నకళ్లు తీసి, ఒకటి ఊళ్లో, ఒకటి పొరుగూళ్లో, ఒకటి బస్తీలో ఉన్న బంధువుల ఇంట్లో పెట్టండి. అడవి నడక తేదీ ఇప్పుడే పెట్టుకోండి. చెలమలు బయటపడేది వేసవిలోనే, వానలు మొదలైతే మళ్లీ ఏడాది ఆగాలి.